పోయిన పేరు మళ్లీ మోగింది!

ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ సింథసైజర్ ఎప్పుడైనా తెరిచి చూశారా? స్క్రీన్ నిండా నాబ్‌లే. కటాఫ్, రెజొనెన్స్, ఎటాక్, డిలే, రివర్బ్... ఏది తిప్పితే ఏమవుతుందో తెలీక చాలామంది రెడీమేడ్ ప్రీసెట్‌తోనే సరిపెట్టుకుంటారు. ఆ నాబ్‌ల వెనక ఒక ఇంజినీరు జీవితం ఉంది. ఆయన పేరు రాబర్ట్ మోగ్. మీలో చాలామంది బడికి వెళ్లకముందే ఆయన కన్నుమూశారు. వేములవాడలోనో కోరుట్లలోనో ఉండి, సౌండ్ పని నేర్చుకుందామా, ఏదైనా ఉద్యోగం చూసుకుందామా అని ఊగిసలాడుతుంటే ఆయన కథ మీకు పనికొస్తుంది.

కిట్లు అమ్ముతూ పీహెచ్‌డీ

మోగ్ 1934 మే 23న న్యూయార్క్‌లో పుట్టారు. తండ్రి కరెంటు కంపెనీలో ఇంజినీరు. తల్లి పియానో నేర్చుకోమని పట్టుబట్టేది. పిల్లాడికేమో తండ్రి పక్కన కూర్చుని సోల్డరింగ్ చేయడమంటే ఇష్టం. పదిహేనేళ్ల వయసుకే పత్రికలో వచ్చిన సర్క్యూట్ చూసి థెరమిన్ తయారుచేశారు. తాకకుండా, గాల్లో చెయ్యి కదిపితే మోగే వాయిద్యం అది. 1954లో, ఇంకా చదువుకుంటుండగానే, తండ్రితో కలిసి థెరమిన్ల వ్యాపారం పెట్టారు. క్వీన్స్ కాలేజీలో ఫిజిక్స్, కొలంబియాలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి, 1957లో కోర్నెల్‌లో పరిశోధనకు చేరారు. ఇంట్లోనే కిట్లు సర్ది అమ్ముతూ చదివితే పీహెచ్‌డీ 1965లో చేతికొచ్చింది. ఎనిమిదేళ్లు!

సంగీతం తెలిసినవాళ్లను అడిగారు

1963లో హెర్బర్ట్ డాయిచ్ అనే సంగీత అధ్యాపకుడు పరిచయమయ్యారు. మరుసటి వేసవిలో ట్రూమన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లోని వర్క్‌షాపులో ఇద్దరూ పనికి కూర్చున్నారు. మోగ్ ఆలోచన సింపుల్: శబ్దాన్ని వోల్టేజీతో నడపాలి. ఒక వోల్టు పెంచితే స్వరం కింది 'స' నుంచి పై 'స'కి వెళ్లాలి. అయితే స్వరం ఒక్కటే చాలదని, శబ్దం ఎలా లేస్తుంది, ఎలా తగ్గుతుంది అన్నది కూడా చేతిలో ఉండాలని డాయిచ్ చెప్పారు. అలా పుట్టిందే ఎన్వలప్. తర్వాత ఉస్సాచెవ్‌స్కీ అనే స్వరకర్త దాన్ని నాలుగు భాగాలు చేయమన్నారు. మీరు ఇవాళ చూసే ఎటాక్, డికే, సస్టెయిన్, రిలీజ్ అవే.

మన డప్పు గుర్తు తెచ్చుకోండి. దెబ్బ పడగానే శబ్దం, వెంటనే మాయం. అంటే ఎటాక్ దాదాపు సున్నా, సస్టెయిన్ కూడా సున్నా. సన్నాయి అయితే మెల్లగా లేచి ఊపిరున్నంతసేపు నిలబడుతుంది. ఎటాక్ కాస్త ఎక్కువ, సస్టెయిన్ బాగా ఎక్కువ. అంతే తేడా.

1964 అక్టోబరులో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ సదస్సులో మోగ్ తన యంత్రాన్ని చూపించారు. 1968లో వెండీ కార్లోస్ దానిమీద బాఖ్ సంగీతం వాయించిన రికార్డు ప్రపంచమంతా అమ్ముడైంది. 1969లో ఆయన ఫిల్టర్‌కు పేటెంట్ దక్కింది. 1970లో ఎత్తుకుని తీసుకెళ్లగలిగే మినీమోగ్ వచ్చింది.

పేరు కూడా పరాయిదైంది

ఇంత పేరొచ్చాక డబ్బుకు లోటేంటి అనుకుంటారు కదా? లెక్కలు చూసుకోవడం ఆయన వల్ల కాలేదు. ఆర్డర్లు తగ్గాయి, అప్పులు పెరిగాయి. 1971లో కంపెనీ చేతులు మారింది. 1977లో ఆయన బయటికొచ్చేశారు. తన పేరు మాత్రం అక్కడే ఉండిపోయింది. తను చేసిన వాయిద్యం మీద తన పేరే వేసుకోలేని పరిస్థితి!

ఆయన మాత్రం పని మానలేదు. 1978లో నార్త్ కరోలినాలో 'బిగ్ బ్రయర్' అనే చిన్న కంపెనీ పెట్టి, మళ్లీ థెరమిన్లు చేశారు. యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. 1998 నుంచి ఫిల్టర్, రింగ్ మాడ్యులేటర్, ఫేజర్, డిలే వంటి ఎఫెక్టులను మోగర్‌ఫూగర్ పేరుతో పెట్టెలుగా తెచ్చారు. పేరు మీద హక్కు 2002లో తిరిగొచ్చింది. 2005 ఆగస్టు 21న 71 ఏళ్ల వయసులో మెదడులో కణితితో చనిపోయారు. ఆ ఎఫెక్టు పెట్టెలు 2022లో సాఫ్ట్‌వేర్‌గా వచ్చాయి.

ఇక మీ స్క్రీన్ మీద...

సర్జ్ ఎక్స్‌టీ ఉచితం. వైటల్‌కు ఉచిత వెర్షన్ ఉంది. ఏదో ఒకటి దింపుకొని ఈ వరసలో పని చేయండి.

ముందు ఎఫెక్టులన్నీ ఆపేయండి. ఫిల్టర్, ఎన్వలప్‌తోనే శబ్దం బాగుండేలా చూసుకోండి. ఉత్త శబ్దం బాగాలేకపోతే రివర్బ్ దాన్ని కాపాడలేదు.

తర్వాత వరస. మామూలుగా డిస్టార్షన్, కోరస్, డిలే, రివర్బ్. రివర్బ్ తర్వాత డిస్టార్షన్ పెడితే ప్రతిధ్వని కూడా చిట్లి, అంతా గజిబిజి అవుతుంది. కావాలని పెడితే సరే, తెలీక పెట్టొద్దు.

డిలేను పాట వేగానికి కట్టండి. 60,000ను నిమిషానికి వచ్చే బీట్ల సంఖ్యతో భాగిస్తే ఒక బీట్‌కు ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 120 బీట్లయితే 500. సగం బీట్‌కు 250.

రివర్బ్ అంటే రాతి మండపంలో గంట కొట్టాక మిగిలే మోత. నేరుగా సింథ్ ట్రాక్ మీదే పెడితే మిక్స్ నాబ్ 20 నుంచి 30 శాతం దగ్గర మొదలుపెట్టండి. సెండ్‌లో పెడితే 100 శాతం ఉంచి, ఎంత పంపాలో సెండ్ లెవెల్‌తో చూసుకోండి. రివర్బ్‌లోకి బేస్ వెళ్లకుండా కత్తిరిస్తే పాట తేటగా వినిపిస్తుంది.

జానపద పాటలు రికార్డు చేసే చిన్న స్టూడియోకు వెళ్లినా, గేమ్ కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్లినా మూడు సొంత శబ్దాలు తీసుకెళ్లండి. ఒక్కోదానికి ఏ నాబ్ ఎందుకు అక్కడ పెట్టారో రెండు ముక్కల్లో చెప్పగలగాలి. వాటిని మీ పేరుతోనే సేవ్ చేయండి. ఎక్కడైనా కాగితం మీద సంతకం పెట్టేముందు మాత్రం, ఆ పేరు, ఆ శబ్దం ఎవరి సొంతమవుతాయో ఒకసారి పూర్తిగా చదవండి.