తొరపల్లి బిడ్డ, బియ్యం దారి

రాజాజీ గవర్నర్ జనరల్ అని మా వేప్పనపల్లి పిల్లలు గబగబా చెప్పేస్తారు. ఆయన తిండిగింజల కథ కూడా వాళ్లకు తెలియాలని మేము అనుకుంటాం.

చక్రవర్తి రాజగోపాలాచారి 1878 డిసెంబరు 10న హోసూరు దగ్గరి తొరపల్లిలో పుట్టారు. హోసూరు బడిలో చదువుకున్నారు. సేలంలో వకీలుగా పేరు తెచ్చుకుని, గాంధీజీ పిలుపుతో ఆ వృత్తి వదిలేశారు.

అప్పట్లో మద్రాసు రాష్ట్రానికి బర్మా బియ్యం ఓడల్లో వచ్చేది. 1942లో జపాను బర్మాను ఆక్రమించడంతో ఆ దారి మూసుకుపోయింది. కరువు భయంతో రేషను వచ్చింది. యుద్ధం ముగిసినా ధాన్యం రవాణాపై ఆంక్షలు పోలేదు.

1952 ఏప్రిల్‌లో రాజాజీ ముఖ్యమంత్రి అయ్యారు. ధరలు మండిపోతాయని ఎందరో భయపడ్డా, జూన్‌లో కంట్రోళ్లు ఎత్తేశారు. కేంద్ర ఆహార మంత్రి రఫీ అహ్మద్ కిద్వాయ్ అండగా నిలిచారు. దాగిన ధాన్యం అంగళ్లకు వచ్చింది.

1972 డిసెంబరు 25న ఆయన కన్నుమూశారు.

ఒక్క దేశపు ఓడనే నమ్ముకుంటే ఏమవుతుందో 1942 చూపింది. ఊళ్ల మధ్య దారులు తెరిస్తే ఏమవుతుందో 1952 చూపింది.

పిల్లలూ, మీ ఇంటి బియ్యం, పప్పు, నూనె ఎక్కడి నుంచి వస్తున్నాయో అంగడిలో అడిగి రాసుకురండి.