రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుఁడుగారు

అమరావతిలో శ్రీ అమరేశ్వరస్వామివారి సన్నిధి కేగు యాత్రికులు స్వామిదర్శనముతోఁబాటు ఆ యాలయముననే యొక రాజవిగ్రహమును గూడఁ గాంచుదురు. అది యాలయోద్ధారకుఁడును, పురనిర్మాతయు నగు రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుఁడుగారిది. ఆ మూర్తికిఁ జేతులు మోడ్చి సాగిపోవుట సులభము. ఎవరికి మ్రొక్కుచున్నామో యెఱిఁగి మ్రొక్కుట మన విధి.

వీరు 1761వ సంవత్సరమున జన్మించిరి. 1783లో సంస్థానాధిపత్యము వహించిరి. తొలుత చింతపల్లి వీరికి రాజధాని. 18వ శతాబ్ది తుదిలో దానిని విడిచి, ధరణికోట చెంతఁ గృష్ణాతీరమున నమరావతీపురమును నిర్మించిరి. వీథులు తీర్పించి, వర్తకులను రప్పించి, పండితుల నాదరించిరి. మంగళగిరి నృసింహస్వామివారికి 1807-1809 సంవత్సరముల నడుమఁ బదునొకండు నిలువుల గాలిగోపుర మెత్తించిరి. నూట యేఁబది మూఁ డడుగుల యా గోపురము నేఁటికిని దూరపు బాటసారులకు దారి చూపుచున్నది.

చేఁబ్రోలులోని చతుర్ముఖ బ్రహ్మాలయమును వీరు కట్టించినదే. కోనేటి నడుమ వెలసిన యా గుడిలో శివలింగమునకు నలువైపుల బ్రహ్మమూర్తులు గలవు. బ్రహ్మకు గుడులు మిక్కిలి యరుదు గదా! నలుదెసల నీరు, నడుమ నలుమోముల దైవము: ఆ గ్రామమున కింతకంటె నలంకార మేమున్నది?

అయిన నీ నిర్మాణము వెనుక నొక దుఃఖగాథ గలదు. దోపిడులు సేయుచున్నారని చెంచులను విందునకుఁ బిలిపించి చంపించిరనియు, నరుకుళ్ళపాడను పేరు దానివలననే కలిగెననియు, ఆ పశ్చాత్తాపముననే యిన్ని దేవాలయములు కట్టించిరనియు నైతిహ్యము. పొగడ్తకై దీనిని దాఁచుట ధర్మము గాదు.

మఱియొకటి. పురనిర్మాణమునకు ఱాళ్ళు గావలసి దీపాలదిన్నెను ద్రవ్వించిరి. అది ప్రాచీన బౌద్ధస్తూపమని నాఁడు తెలియదయ్యె. చెక్కడపుఁ బలకలు కొన్ని గోడలలోను, మెట్లలోను గలసిపోయెను. ఈ వార్త విని మెకంజీదొర వచ్చి చూచెను. 1816లో మరల వచ్చి పటములు వ్రాయించెను. ఆ సంవత్సరముననే నాయుఁడుగారు పరమపదించిరి. మిగిలిన శిల్పములలోఁ బెక్కింటిని నేఁడు చెన్నపట్టణమునకో, లండనునకో పోయి చూడవలసియున్నది.

సోదరులారా! కట్టినవారి కీర్తి మనదైనచో, పోఁగొట్టుకొన్నదాని బాధ్యతయు మనదే. విగ్రహమునకుఁ బూలమాల వేయుటతో ఋణము దీఱదు. చేఁబ్రోలు కోనేటి నీరు నిర్మలముగా నుంచుట, మన యూళ్ళ పాత ఱాతిని బునాదికిఁ గొట్టక మున్ను దానిపై నేమున్నదో చూచుట, ఇవియే యా మహారాజునకు మనము సేయఁదగిన యర్చనలు.