మళ్లీ బడి పెట్టిన తాతయ్య



మీ ఇంట్లో రిటైరైన నాన్నగారో, అత్తగారో ఉన్నారా? పొద్దున పేపరు, సాయంత్రం వాకింగ్, మధ్యలో టీవీ. మనవడు స్కూలు నుంచి వచ్చి హోంవర్కులో పడితే, వాళ్లకు మాట్లాడే తోడు ఉండదు. అలాంటి పెద్దలను దృష్టిలో పెట్టుకుని, ఈ నెల ‘వార్ అండ్ పీస్’ రాసిన లియో టాల్‌స్టాయ్ గురించి చెబుతున్నాం. ఆయన నవలలు మీకు తెలిసే ఉంటాయి. ఆయన పిల్లల మధ్య గడిపిన సాయంత్రాల గురించి బహుశా విని ఉండరు.

టాల్‌స్టాయ్ 1828లో రష్యాలోని యాస్నయా పొల్యానా అనే ఊళ్లో, జమీందారీ కుటుంబంలో పుట్టారు. రెండేళ్లు నిండకముందే తల్లి పోయారు. తొమ్మిదేళ్లు వచ్చేసరికి తండ్రి కూడా లేరు. బంధువుల చేతుల్లో పెరిగారు. కొన్నాళ్లు సైన్యంలో పనిచేశారు, రచయితగా పేరు తెచ్చుకున్నారు. 1859లో, 31 ఏళ్ల వయసులో, తన ఎస్టేటులోనే రైతుల పిల్లలకు ఉచితంగా బడి తెరిచారు. అప్పటికింకా రష్యాలో రైతులు జమీందార్లకు కట్టుబానిసలే. అక్షరం తమది కాదనుకునే ఇళ్ల నుంచి ఆ పిల్లలు వచ్చేవారు.

ఆ బడిలో హోంవర్కు లేదు. ఆలస్యంగా వచ్చినా తిట్టేవారు కారు. ఎవరికి నచ్చిన చోట వాళ్లు కూర్చునేవారు. టాల్‌స్టాయ్ పిల్లలతో కలిసి కథలు అల్లేవారు. వాళ్లు చెప్పే మాటలు విని ఆశ్చర్యపోయేవారు. రాయడం మనం వాళ్లకు నేర్పాలా, వాళ్ల దగ్గర మనం నేర్చుకోవాలా అని ప్రశ్నిస్తూ 1862లో ఒక వ్యాసమే రాశారు. ఆ పిల్లల్లో ఒకడైన వసీలీ మొరోజోవ్, పెద్దయ్యాక తన మాస్టారి గురించిన జ్ఞాపకాలు రాశాడు.

కానీ ఆ బడి ఎక్కువ కాలం నిలవలేదు. 1862 వేసవిలో ఆయన ఊళ్లో లేని సమయంలో పోలీసులు ఇల్లంతా సోదా చేశారు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. ఆయన మనసు మాత్రం బాగా గాయపడింది. అదే ఏడాది పెళ్లయింది. ఆ తర్వాత బడి ఆగిపోయింది, పెద్ద నవలలు మొదలయ్యాయి.

అయినా పిల్లలు ఆయన మనసులోంచి పోలేదు. 1870లలో భార్య, సొంత పిల్లలు కూడా సాయపడగా ఇంట్లోనే మళ్లీ పాఠాలు చెప్పారు. పిల్లల కోసం అక్షరాల పుస్తకం రాశారు. అది సరిగా లేదనిపించి, 1875లో మరింత తేలిక మాటలతో తిరగరాశారు. ఎవరూ పంపకపోయినా తనంతట తానే బడికి బయల్దేరే చిన్న పిల్లాడు ఫిలిపోక్ కథ అందులోదే.

ఇక ఆయన ముసలితనం సంగతి చూడండి. పేరు ప్రపంచమంతా పాకింది. ఇంట్లో మాత్రం ఆస్తి గురించి, రచనల హక్కుల గురించి భార్యతో గొడవలు. 1906 చివర్లో, ఆయనకు ఎంతో దగ్గరైన కూతురు మాషా 35 ఏళ్లకే జబ్బు చేసి చనిపోయింది. అలాంటి దుఃఖంలో ఏ పెద్దాయనైనా తలుపులు మూసుకుని కూర్చుంటే మనం తప్పుపట్టం.

1907లో, 80కి దగ్గరపడుతున్న ఆ పెద్దాయన ఊళ్లోని రైతుల పిల్లలను మళ్లీ ఇంటికి పిలిచారు. సాయంత్రాలు వాళ్లకు మంచీచెడ్డా గురించి కథలు చెప్పేవారు. చెప్పినదాన్ని తిరిగి వాళ్ల చేత చెప్పించుకునేవారు. వాళ్లకు ఏది తేలిగ్గా అర్థమైందో, ఏది తికమక పెట్టిందో గమనించి పాఠం మార్చుకునేవారు. అలా తయారైన పుస్తకం 1908లో అచ్చయింది. ప్రపంచం గురువుగా చూసే మనిషికి, తన మాట సరిగా ఉందో లేదో చెప్పే పరీక్షాధికారులు ఆ పల్లె పిల్లలే!

అదే 1907 వేసవిలో దగ్గరలోని తులా పట్టణం నుంచి వందల మంది బడిపిల్లలు ఆయన్ను చూడడానికి వచ్చారు. ఆయన వాళ్లతో ఆడారు, వాళ్లతోపాటు ఏటికి స్నానానికి కూడా వెళ్లారు.

1910 నవంబరులో టాల్‌స్టాయ్ కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం ఊరి అడవిలో, ఒక లోయ అంచున పాతిపెట్టారు. అక్కడే ఎందుకంటే, చిన్నప్పుడు అన్నయ్య నికొలాయ్ ఒక కథ చెప్పాడు: మనుషులందరూ సుఖంగా ఉండే రహస్యం ఒక పచ్చ కర్ర మీద రాసి, ఆ చోట పాతిపెట్టానని. అన్న చెప్పిన ఆ కథను తమ్ముడు 80 ఏళ్లు దాటినా మరిచిపోలేదు. ఆ సమాధి మీద రాయి లేదు, పేరు లేదు. ఉన్నదల్లా పచ్చగడ్డే.

చిన్నప్పుడు విన్న కథ అంత కాలం నిలుస్తుంది. అలాంటి కథలు మీ ఇంటి పెద్దల దగ్గరా ఉన్నాయి. నాన్నగారు పొలం లెక్కలు, పోస్టాఫీసు కబుర్లు చెప్పగలరు. అత్తగారు పొడుపుకథలు వేయగలరు. దగ్గరలోని ప్రభుత్వ బడికో, గ్రంథాలయానికో, మీ అపార్ట్‌మెంట్ పిల్లల దగ్గరికో వారానికి ఒక గంట వెళ్లమని అడిగి చూడండి. మొదటిరోజు మీరే తోడు వెళ్లండి.

తిరిగి వచ్చాక, పిల్లలు ఏమేమి అడిగారో ఆ రాత్రి అన్నం దగ్గర వాళ్లనే చెప్పనివ్వండి. టీవీ కాసేపు ఆగినా పర్వాలేదు.