పాటకు పేరున్నది: సుద్దాల హనుమంతు యాది

తమ్మీ, చెల్లే, ‘పల్లెటూరి పిల్లగాడా’ పాట మీరు ఇనే ఉంటరు. స్కూల్ల ఫంక్షన్లకు, సభలకు, ఫోన్ల చిన్న వీడియోలకు ఇప్పటికీ పెడుతుండ్రు. ఎవరు రాసిండ్రని నేను అడిగితే చానా మంది జానపదం అన్నరు. ఆ మాట ఇన్నప్పుడల్ల నాకు పానం సుక్కుమంటది. ఆ పాటను రాసిన మనిషి ఉన్నడు. ఆయనకు ఇల్లు, ఆలి, పిల్లలు ఉన్నరు.

ఆయనే సుద్దాల హనుమంతు. అసలు ఇంటిపేరు గుర్రం. పద్మశాలీల బిడ్డ. మోత్కూరు దగ్గరి పాలడుగుల పుట్టి, గుండాల మండలం సుద్దాలల స్థిరపడ్డడు. ఆ ఊరే ఆయనకు ఇంటిపేరైంది. వయసుల ఉన్నప్పుడు హైద్రాబాద్ వొయ్యి చిన్న సర్కారు నౌకరి చేసిండు. ఆర్యసమాజం గాలి సోకింది అక్కడనే. నెల జీతం చూస్కుంట అట్లనే ఉండిపోవచ్చు. కనీ ఆయన ఊరి తొవ్వ వట్టిండు.

ఊర్ల ఏమున్నది? వెట్టి. కుమ్మరి కుండలియ్యాలె, చాకలి బట్టలుతకాలె, మాదిగ చెప్పులు కుట్టియ్యాలె, పైస అడగొద్దు. 1944ల భువనగిరిల ఆంధ్ర మహాసభ జరిగినంక సంఘం ఊరూరికి పాకింది. హనుమంతు సంఘంల పాటగాడైండు.

ఆయన తెలివి ఎక్కడున్నదంటే, అప్పుడు సర్కారు భాష ఉర్దూ. ఊర్లల్ల సదువొచ్చినోల్లు చానా తక్కువ. కాయితం మీద రాసి పంచితే ఎవరు సదువాలె? అందుకే జనానికి ముందునుంచి తెల్సిన గొల్లసుద్దుల బాణీ తీస్కున్నడు. ఒగలు కథ చెప్తుంటే పక్కోల్లు వంత పాడుతరు, నడుమ నవ్విస్తరు. దేవుని కథ, రాజు కథ ఉన్న జాగల దొర దౌర్జన్యం వెట్టిండు. బాణీ ఎరికున్నదే, కష్టం తమదే. ఇంక జనానికి యాదుండక ఏం జేస్తది? బుర్రకథ, యక్షగానం సుత రాసిండు.

‘పల్లెటూరి పిల్లగాడా’ల పెద్ద నినాదం లేదు. పశులు కాసే జీతగాని పక్కన కూసోని మంచీ చెడ్డా అడిగినట్టుంటది. కన్నబిడ్డను చూసినట్టు చూస్తెనే అట్ల రాయొస్తది.

ఉద్యమకారుని గొప్ప చెప్పుకుంట మనం ఇంట్లోల్లను మరుస్తం. జానకమ్మ ఒట్టి హనుమంతు భార్య అని చెప్తే సరిపోదు. ఆమె సుత పోరాటంల నడిచిన మనిషి. మొగడు పాట వట్టుకొని ఊర్లు తిరుగుతే ఇల్లు నిలవెట్టేటోల్లు ఎవరో మన అమ్మలను చూసి అర్థం చేస్కోండ్రి. ఆ ఇంట్లనే పెరిగిన అశోక్ తేజ సార్ పని చేసి, సినిమా పాటల రచయితైండు. 2003ల వచ్చిన ‘ఠాగూర్’ల పాటకు జాతీయ అవార్డు తెచ్చుకున్నడు. నాయిన పేరు మీద పురస్కారం వెడుతూ అమ్మ పేరు సుత కలిపిండు. నాకు అది బాగ నచ్చింది.

1951ల సాయుధ పోరాటం ఆగింది. పాట ఆగలేదు. 1979ల ‘మా భూమి’ సినిమాల ఈ పాట వచ్చి, పోరాటం చూడని పిల్లల నోట్ల సుత వడ్డది. మూడేండ్లకు, 1982 అక్టోబర్ 10న, క్యాన్సర్ హనుమంతును తీస్కపోయింది.

పత్తి విత్తనాల చేన్లల్ల, ఇటుక బట్టీలల్ల పిల్లగాండ్లు ఇయ్యాల్టికి పని చేస్తనే ఉన్నరు. ఆ పాట పాతదై పోలేదు.

నేను మిమ్ముల అడిగేది ఒక్కటే. పేదోని పాటకు పేరు తీసేసుడు అల్కగ జరుగుతది. జానపదం అని రాస్తే, ఎవరు ఎందుకు రాసిండ్రో, ఎవరి మీద రాసిండ్రో సుత మాయమైతది. ఈ పాట వెట్టినప్పుడు కింద సుద్దాల హనుమంతు అని రాయుండ్రి. మీ ఊర్ల సుత పాట కట్టే ముసలాయనో, ముసలమ్మో ఉంటరు. ఫోన్ మీ చేతులనే ఉన్నది. వాళ్లు ఉండంగనే పాట రికార్డు చేయుండ్రి, పేరు, ఊరు ముందుగాల చెప్పిపియ్యుండ్రి.