మార్టినస్ బైయరింక్

కంది, పెసర, వేరుశనగ మొక్కల వేళ్ళ బుడిపెలలో గాలిలోని నత్రజనిని మొక్కకు ఆహారంగా అందించే బాక్టీరియా నివసిస్తుంది. దానిని 1888లో తొలిసారి వేరుచేసి, శుద్ధంగా పెంచిన హాలెండు శాస్త్రజ్ఞుడు బైయరింక్‌ను ఇక్కడ స్మరిస్తున్నాము.

ఆయన 1851లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జన్మించారు. తండ్రి పొగాకు వర్తకుడు. వ్యాపారం దివాలా తీయగా రైల్వే గుమాస్తాగా చేరవలసి వచ్చింది. చిత్రమేమంటే, కుమారునికి శాశ్వత కీర్తి తెచ్చినదీ పొగాకే.

వాగెనింగెన్ వ్యవసాయ విద్యాలయంలో బోధించే రోజులలో, సహోద్యోగి అడాల్ఫ్ మేయర్ పరిశీలిస్తున్న పొగాకు మొజాయిక్ తెగులుకు కారణమైన బాక్టీరియా కోసం ఆయన కూడా వెదికి విఫలులయ్యారు. 1885లో డెల్ఫ్ట్‌లోని ఈస్టు కర్మాగారంలో చేరారు. బుడిపెల రహస్యం ఛేదించినది అక్కడి ప్రయోగశాలలోనే. ఈ విజయమే పాత ఓటమిని తిరిగి తరచి చూచే ధైర్యమిచ్చిందని మేము తలుస్తున్నాము. బాక్టీరియాను పట్టి పెంచుటలో అంతటి నేర్పరికి అది చిక్కలేదంటే, అసలక్కడ బాక్టీరియా లేదేమో!

1895లో డెల్ఫ్ట్ పాలిటెక్నిక్‌లో ఆచార్యులయ్యారు. అవివాహితులు, విద్యార్థుల పట్ల కఠినులని పేరు. 1898లో, బాక్టీరియాను నిలిపివేసే పింగాణీ వడపోతను దాటివచ్చిన ఆకురసం సైతం తెగులు కలిగిస్తున్నదనీ, ఆ కారకం సజీవకణాలలోనే వృద్ధి చెందుతున్నదనీ ప్రకటించి, దానిని వైరస్ అన్నారు. రష్యాలో ఇవనోవ్‌స్కీ 1892లోనే ఇట్టి వడపోత జరిపినా బాక్టీరియానే శంకించారు. వైరస్ ద్రవరూపమన్న బైయరింక్ ఊహ మాత్రం నిలువలేదు. 1935లో అమెరికాలో స్టాన్లీ దానిని స్ఫటికాలుగా వేరుచేసేనాటికి, 1931 జనవరి 1న కన్నుమూసిన బైయరింక్ లేరు.