సర్ ఆర్థర్ కాటన్ దొర – మన కాలువ

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు పోవు బాటసారికి నల్లరేగడి చేలును, వరిమళ్లును ఒకదాని ప్రక్క నొకటి కానవచ్చును. ఈ సీమ మళ్లకు నీరిచ్చు కర్నూలు–కడప కాలువను మనము కే.సి. కాలువ యందుము. దీనిని తలపెట్టినవాడు సర్ ఆర్థర్ కాటన్ దొర. గోదావరి మండలమున నాతని పేరు విననివారు లేరు. మన సీమలో నాతని తలంపు తొలుత విఫలమైనదని యెఱిగినవారు మాత్రము కొందఱే. ఆతని చరిత్రమున నీ రెండు భాగములను గలిపి చదువుట విద్యార్థులకు మేలు.

కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండు దేశమున జన్మించెను. బాల్యముననే ఈస్టిండియా కంపెనీవారి సైనిక పాఠశాలలో చేరి, ఇంజనీరు విద్య నేర్చి, 1821లో చెన్నపట్నమునకు వచ్చెను. కావేరినదిపై చోళరాజుల కాలమున గట్టిన ఆనకట్టను ఆతడు శ్రద్ధతో పరిశీలించెను. ఇసుకనేలలో పునాది నిలుపు విధమును ఆ ప్రాచీన నిర్మాతల పనిని జూచియే గ్రహించెను. ఆ నేర్పుతో 1836 నాటికి కొల్లడము నదిపై ఆనకట్ట గట్టించి తంజావూరు సీమను గాపాడెను.

1832–33లో వచ్చిన నందన కరవు గుంటూరు సీమను శ్మశానముగా మార్చెను. గోదావరి మండలమును క్షామమునకు గుఱియై క్షీణించుచుండెను. ఏటేట నంతటి నది నిండుగా బాఱి సముద్రమున గలియుచుండగా దాని యొడ్డుననే జనులు తిండిలేక చచ్చుట కాటన్ దొరకు సహింపరాని దయ్యెను. ఆతడు పట్టుపట్టి దొరతనమువారి నొప్పించి, 1847లో ధవళేశ్వరమున పని యారంభించి, 1852 నాటికి ఆనకట్టను ముగించెను. నాటినుండి ఆ మండలము అన్నపూర్ణ యయ్యెను. 1861లో ఆతనికి సర్ బిరుదము లభించెను.

ఈ విజయమే ఆతని దృష్టిని తుంగభద్రవైపు ద్రిప్పెను. సుంకేసుల వద్ద ఆనకట్ట గట్టి, కర్నూలు మీదుగా కుందూనది లోయలోనికి కాలువ దెచ్చి, కడప వఱకు నీటిని నడపవచ్చునని ఆతడు తలంచెను. పైరునకు నీరు, పడవలకు దారి, రెండును దానివలన సిద్ధించునని యాశ. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ యను పేర నొక సంఘము ఇంగ్లండులో మూలధనము గూర్చుకొని యీ పనికి బూనుకొనెను. ఆ ధనముపై నూటికి ఐదు వంతున వడ్డీకి దొరతనమువారు పూచీపడిరి. హంద్రీపై నీటివంతెనయు, మిట్టకందాల యొద్ద లోతైన త్రవ్వకమును గావలసి వచ్చెను. వ్యయము అంచనాను మించిపోయెను. 1871 నాటికి దాదాపు 190 మైళ్ల కాలువ సిద్ధమయ్యెను.

కాలువలో నీరు పాఱెను గాని, రైతు దానిని గైకొనలేదు. కారణ మేమి? గోదావరి లంకల మట్టి వేఱు, నంద్యాల రేగడి వేఱు. రేగడినేల వానచెమ్మను లోలోన దాచుకొని, ఆ చెమ్మతోనే జొన్నను ప్రత్తిని పండించును. మాగాణి చేయవలెనన్న నేల చదును చేయవలెను, గట్లు వేయవలెను, ఎరువు హెచ్చుగా దోలవలెను, ఎద్దులును కూలీలును గావలెను. దీనికి దోడు నీటితీరువ యొకటి. వాన చక్కగా గురిసిన యేట వీని నన్నిటిని నెత్తిన బెట్టుకొనుటకు రైతునకు హేతువేమి? ఆతడు మూఢుడని కొంద ఱనుకొనిరి. తన నేల లెక్క తనకు దెలిసినవాడనుటయే న్యాయము.

ధాత కరవు వచ్చి 1876–78లో రాయలసీమ నలమటింపజేసినప్పుడు మాత్రము కాలువనీటి విలువ అందఱికి దెలిసెను. ఐనను కంపెనీ నష్టములనుండి తేఱుకొనలేదు. 1882లో దొరతనమువారు కాలువను గొనిరి. నీటిపనులకంటె రైలుదారులే మేలని వాదించువారికి ఈ నష్టము మంచి యాయుధ మయ్యెను. కాటన్ మాత్రము తన వాదమును విడువలేదు. 1878లో పార్లమెంటు సంఘము ఎదుట గూడ దానినే నిలబెట్టెను. వార్ధక్యమున డార్కింగు పట్టణమున నివసించుచు, తన తోటలో నేలను లోతుగా ద్రవ్వి గోధుమ పండించు ప్రయోగములు చేసెను. 1899 జులై 24వ తేదీన తొంబదియాఱేండ్ల వయస్సున మృతినొందెను.

కాలక్రమమున మన రైతులు కాలువకు దగిన పంటలను నేర్చిరి. నేడు దానిక్రింద రెండు లక్షల అరువదియైదు వేల ఎకరముల ఆయకట్టు గలదు. 1906లో నంద్యాలలో స్థాపింపబడిన వ్యవసాయ పరిశోధన క్షేత్రము ఈ నేలలోనే విత్తి, ఈ ఎండలోనే చూచి, ప్రత్తి జొన్న వరి వంగడములను రైతుల కందించుచు వచ్చినది. నంద్యాల సన్నాలు అట్టి దాని ఫలమే.

నేడు క్రొత్త విత్తనములు, క్రొత్త ఎరువులు, మందు చల్లు డ్రోనులు మన యూళ్లకు వచ్చుచున్నవి. వానిని ద్రోసివేయనక్కఱలేదు, గ్రుడ్డిగా నమ్మనక్కఱలేదు. ఈ నేలకు దగునా, ఈ రైతు వ్యయమునకు దాళునా యని ముందు విచారింపవలెను. విద్యార్థులారా! మీలో ననేకులు రైతుబిడ్డలు. ఇంజనీర్లయి మీ యూరికి దిరిగివచ్చిననాడు కాటన్ దొర సాహసమును గైకొనుడు. గట్టుమీద నిలిచిన మీ తండ్రి చెప్పు మాటను గూడ ముందుగా నాలకింపుడు.