ఎల్లాప్రగడ సుబ్బారావుగారు: ఒక చిన్న మాత్ర చరిత్ర

నోటిలోనో, నాలుకమీదనో, గొంతులోనో కాన్సరు పుట్టి, చికిత్స జరిగిన పిదపను తిరుగబెట్టినప్పుడు, మన దేశమున అనేకులకు వైద్యులు వారమునకొకమారు మ్రింగుటకు చిన్న మాత్రలు ఇచ్చుచున్నారు. ఆ మందు పేరు మెథోట్రెక్సేట్. దాని పుట్టుకకు ఒక తెలుగువాని పరిశోధన మూలమని ఎరిగినవారు కొందరే. ఆ మహనీయుడు డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఆయన 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు; తల్లి వెంకమ్మగారు. సంసారము పెద్దది, రాబడి చిన్నది. బాల్యమున ఆయనకు చదువుమీద మనసు నిలువలేదు. కాశికి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి బయలుదేరగా పెద్దలు వెనుకకు తెచ్చిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు చెన్నపట్టణమున ఉత్తీర్ణులైరి. తండ్రి గతించినను తల్లి పట్టు విడువక చదివించెను.

చెన్నపట్టణపు వైద్యకళాశాలలో చదువుచుండగా గాంధీమహాత్ముని పిలుపు విని ఆయన ఖద్దరు ధరించిరి. శస్త్రచికిత్సాశాలలోనికి కూడ ఖద్దరు అంగీతో పోవుట ఆంగ్లేయుడగు ఆచార్యునకు కంటగింపయ్యెను. తుదకు పూర్తి పట్టమునకు బదులు తక్కువ స్థాయిదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కెను. ఆయన యౌవనముననే ఇద్దరు సోదరులు స్ప్రూ అను ప్రేగుల వ్యాధిచే స్వల్పకాలపు ఎడములో మరణించిరి. వ్యాధుల మూలమును వెదకవలెనను సంకల్పము ఆ దుఃఖమున గట్టిపడెను.

1920 దాటిన కొలది యేండ్లకు, మామగారి ధనసాయముతోను, కాకినాడ మల్లాడి సత్యలింగనాయకర్ ధర్మసంస్థ తోడ్పాటుతోను, ఆయన అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. భార్య శేషగిరిగారు స్వదేశముననే ఉండిపోయిరి. ఆ దంపతులు మరల కలిసికొనలేదు. హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువుకొనుచు, పొట్టకూటికై రాత్రులు ఆస్పత్రిలో సేవకుని పని చేసిరి. పిదప ఫిస్కేగారితో కలిసి, రక్తమూత్రములలోని భాస్వరమును కొలుచు విధానమును 1925లో ప్రకటించిరి. అది దశాబ్దములపాటు ప్రయోగశాలలకు ప్రామాణికమయ్యెను. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, నేడు విద్యార్థులందరు పాఠ్యపుస్తకములలో చదువు ఏ.టి.పి. అను పదార్థమును 1929లోను వారు వెల్లడించిరి. అయినను హార్వర్డులో ఆయనకు స్థిరమగు ఉద్యోగము దొరకలేదు.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివర్‌లోని లెడర్లే పరిశోధనాలయమున చేరి, అచిరకాలముననే పరిశోధనలకు అధిపతి అయిరి. ఆయన నాయకత్వమున పనిచేసినవారు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. సోదరులను కబళించిన స్ప్రూ వ్యాధికి అది మేలైన మందని తేలెను. బోదకాలు వ్యాధికి హెట్రజాన్, అనేక సూక్ష్మజీవులను హరించు ఆరియోమైసిన్ అను ఔషధములు కూడ ఆ పరిశోధనాలయమునుండియే వెలువడెను.

జీవకణము రెండుగా చీలవలెనన్న ఫోలిక్ ఆమ్లము కావలెను. చూచుటకు దానివలెనే ఉండి, పని మాత్రము చేయని నకిలీ పదార్థమును అందించినచో, త్వరత్వరగా చీలు కాన్సరు కణము మోసపోయి ఆగిపోవును. ఈ ఉపాయముతో సుబ్బారావుగారి సహచరులు అమినోప్టెరిన్‌ను, పిదప మెథోట్రెక్సేట్‌ను నిర్మించిరి. బోస్టనులో సిడ్నీ ఫార్బర్‌గారు అమినోప్టెరిన్‌ను రక్తకాన్సరు సోకిన పసిబిడ్డలకిచ్చి, వ్యాధి తాత్కాలికముగా వెనుకంజ వేసినదని 1948 జూనులో ప్రకటించిరి. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు నిద్రలో కన్నుమూసిరి. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరములు.

ఆయన జీవితము ముగిసినను ఆయన మందు జీవితము ముగియలేదు. 1971లో జూడా ఫోక్‌మన్ అను అమెరికను శస్త్రవైద్యుడు ఒక నూతన భావమును ప్రకటించెను. కాన్సరు కంతి ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పెరుగవలెనన్న, దానికి క్రొత్త రక్తనాళములు కావలెను. కాలువ కట్టివేసిన చేను ఎండిపోవునట్లు, ఆ నాళములు పెరుగకుండ చేసినచో కంతి ఎదుగదని ఆయన తలపు. పాత మందులనే కొద్దిపాటి మోతాదులో, విరామము లేక క్రమముగా ఇచ్చుటవలన ఈ పని కొంత నెరవేరునని తరువాత తెలియవచ్చెను. సంగీతమున లయ తప్పకుండుటకు వాడు మెట్రోనోమును బట్టి 2000వ సంవత్సరమున దీనికి మెట్రోనోమిక్ చికిత్స అను పేరు వచ్చెను.

పొగాకు, వక్కల వాడుకవలన మన దేశమున నోటి కాన్సరు విస్తారము. ఖరీదైన మందులు కొనలేని రోగులు అసంఖ్యాకులు. ముంబయిలోని టాటా స్మారక ఆస్పత్రి వైద్యులు, నయముచేయు ఆశ మిగులని తల, మెడ కాన్సరు రోగులు 422 మందిని రెండు వర్గములు చేసిరి. ఒక వర్గమునకు సిరలద్వారా సిస్‌ప్లాటిన్ ఎక్కించిరి. రెండవ వర్గమునకు మెథోట్రెక్సేట్, నొప్పి వాపులను తగ్గించు సెలెకోక్సిబ్ మాత్రలు మాత్రమే ఇచ్చిరి. 2020లో ఫలితము వెలువడెను. సిరలమందు పొందినవారి మధ్యస్థ జీవితకాలము 6.1 మాసములు, మాత్రలు మ్రింగినవారిది 7.5 మాసములు. తీవ్రమగు దుష్ఫలితములు కూడ మాత్రల వర్గముననే తక్కువ.

హెచ్చినది ఇంచుమించు నెలన్నర. ఇది వ్యాధిని రూపుమాపు చికిత్స కాదు. కాని ఊరిలో, తనవారి నడుమ, స్వల్పవ్యయముతో మ్రింగదగిన మాత్రతో దక్కిన కాలమది. దాని విలువ పేదవాని ఇంటివారికి తెలియును.

సుబ్బారావుగారు రక్తనాళములను గూర్చి ఈ ఆలోచన చేయలేదు. చేయు వ్యవధి ఆయనకు లేదు. ఒకరు ఒక ప్రయోజనమునకై శ్రద్ధతో చేసిన పని, డెబ్బదియేండ్లకు మరియొకరి చేతిలో వేరొక ప్రయోజనమునకు అక్కరకు వచ్చెను. పరీక్ష తప్పిన బాలుని చూచి నిరాశపడు ఉపాధ్యాయులును, మార్కులు చూచుకొని క్రుంగు విద్యార్థులును, రెండుమారులు తప్పిన ఈ భీమవరపు బాలుని ఒక్కసారి తలచుకొందురుగాక.